భూమి తగాదాల తీర్పులు, పన్నెండు సంపుటాలు

లైబ్రరీ సైన్సు చదువుకుని ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు మధురానగర్‌లో మా ఇంటికి వస్తుంటారు. "మీ అనుభవాలు చెప్పండి మేడమ్" అంటారు. నెంబర్లు ఎలా వెయ్యాలో, కేటలాగు ఎలా కట్టాలో మీ పాఠాల్లో ఉంది, అది నన్నడక్కండి. ముప్పై ఒక్క ఏళ్ళలో నాకు ఎన్ని ఇంక్రిమెంట్లు వచ్చాయో అదీ మీకనవసరం. నేను చెప్పేది ఒక దొంగతనం గురించి. దొంగని నేనే. పన్నెండు పుస్తకాలు లైబ్రరీ నుంచి దాటించేశాను, ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నా పేరుతోనే రాస్తున్నాను. చదవాల్సినవాళ్ళు చదువుతారు, చదవనివ్వండి.

అడుగుల లెక్కన

నా ఉద్యోగం ఫిలింనగర్‌లో సినిమావాళ్ళ క్లబ్బు ఒకదానిలో. కొండవాలు మీద బిల్డింగు, కింద కార్ల పార్కింగు, పార్కింగు పక్క మెట్లెక్కితే లైబ్రరీ. మెంబర్లు వచ్చేది ఏసీ కోసం, పేపర్ల కోసం. పుస్తకం కావాలని వచ్చేవాళ్ళని ఒక చేతివేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అయినా మా బీరువాలు ఖాళీ అవుతూనే ఉండేవి, ఆర్ట్ డిపార్ట్‌మెంటువాళ్ళ దయవల్ల. సినిమాలో లాయరు గారి ఇల్లో డాక్టరు గారి గదో సెట్ వేస్తే గోడకి పుస్తకాలు కావాలి కదా. మెంబర్ల సినిమా అయితే మా లైబ్రరీ నుంచి పట్టుకెళ్ళడం ఆనవాయితీ. పుస్తకం పేరు అడగరు, రాసిందెవరో అడగరు. "రెండడుగులు ఎర్రవి, నాలుగడుగులు నల్లవి ఇవ్వండి మేడమ్" అంటారు. కొత్తలో నాకు ఏడుపొచ్చేది. తర్వాత నేనే ఒక టేపు కొనుక్కుని డ్రాయర్లో పెట్టుకున్నాను.

నాకు పని నేర్పింది రంగనాయకులు గారు. నాకంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్నాయన. కోపిష్టి మనిషి, పొగరు కూడా ఉండేది. సిగరెట్టుతో వస్తే ఎంత పెద్ద నిర్మాతనైనా గుమ్మం బయటే నిలబెట్టేవారు. రిటైరయ్యే రోజు నన్ను కూర్చోబెట్టి రెండే మాటలు చెప్పారు. "ఎవరేం చదువుతున్నారో మూడో మనిషికి చెప్పకు సుగుణా. చంపినా చెప్పకు." ఇది మొదటిది. రెండోది: "ఈ పుస్తకం వీడికెందుకులే అని నువ్వు అనుకోకు." మొదటి మాట చివరిదాకా నిలబెట్టుకున్నాను. రెండోది మాత్రం నిలబెట్టుకోలేదు.

జగ్గారావు గారు

జగ్గారావు గారు వెంగళరావు నగర్‌లో ఉండేవారు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. నాలుగు నాటకాలు రాశారు. వాటికి తలా తోకా లేదని అందరూ అనేవారు, ఆయన అవుననేవారు. "కుర్చీకి జ్వరం" అని ఒకటి. ఆఫీసు కుర్చీకి జ్వరమొస్తే స్టాఫంతా సెలవు పెట్టి దానికి తడిగుడ్డ వేస్తుంటారు. "అద్దె గుమ్మం"లో ఒక సంసారం ఇల్లు లేకుండా ఉత్త గుమ్మాన్ని అద్దెకు తీసుకుని అక్కడే చుట్టాల్ని ఆదరిస్తుంటుంది. "గొడుగుల విచారణ"లో గొడుగుల మీద కోర్టు కేసు. సాక్షి ఒకామె నాటకమంతా ఒక మూల నిలబడి ఉంటుంది, ఎవరూ పిలవరు. ఆమె నోరు తెరిచేసరికి తెర పడుతుంది. ఇక "క్యూలో నాలుగోవాడు". కౌంటరు ముందు వరసలో నాలుగో మనిషి. ముందున్న ముగ్గురూ వెళ్ళిపోతారు, వేరే ముగ్గురు వచ్చి నిలబడతారు. ఎన్నేళ్ళైనా వీడు నాలుగోవాడే.

ఒక నిర్మాత ఆయన్ని డైలాగులు రాయమని పిలిచి మూడోరోజే దణ్ణం పెట్టి పంపేశాడు. హీరో ఎంట్రీ రాయమంటే, హీరోకి తన ఇంట్లోంచి బయటపడే దారి తెలీక సీనంతా లోపలే తిరుగుతాడట. ఇంక సినిమాల జోలికి పోలేదాయన. నాటకాలు సొంతంగా అచ్చేసుకున్నారు. ఇంట్లో దాచినవి చెదలు తినేశాయి. మిగిలినవి మూడేసి కాపీలు, మొత్తం పన్నెండు. గట్టి అట్టలు కట్టించి, ఆటోలో వేసుకుని మా లైబ్రరీకి తెచ్చారు.

"ఎవరైనా చదివితే వాళ్ళకి ఏది నచ్చిందో కనుక్కుని చెబుతారా అమ్మా?" అన్నారు.

"అయ్యో, తప్పకుండానండీ" అన్నాను. పన్నెండూ తీసుకెళ్ళి కింది అరలో పెట్టాను. ఇక్కడికొచ్చే జనానికి ఇవెక్కడ ఎక్కుతాయిలే అనుకున్నాను. ఒక్కరి చేతికీ ఇవ్వలేదు. ఆయన నెలకోసారి ఫోన్ చేసేవారు. "ఇంకా ఎవరూ తీసుకోలేదండీ" అని చెప్పేదాన్ని, నా తప్పేమీ లేనట్టు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

పాండు చేసిన పని

ఒకసారి కోర్టు సినిమాకి సెట్ వేస్తున్నారు. ఆర్ట్ డిపార్ట్‌మెంటు పాండు వచ్చాడు. అడ్డగుట్ట నుంచి రోజూ బండి మీద వచ్చేవాడు, బంగారంలాంటి పనివాడు. "మేడమ్, లావు పుస్తకాలు రెండడుగులు కావాలె. లాయర్ సాబ్ వెనక పెడ్తం" అన్నాడు. జనం చదివే పుస్తకాలు సెట్లకి పంపడం నాకిష్టం లేదు. ఎవరూ చదవనివి ఏవా అని చూస్తే జగ్గారావు గారి పన్నెండు కనిపించాయి. వాటికి కొన్ని పాత వార్షిక నివేదికలు కలిపి టేపుతో కొలిచి ఇచ్చేశాను.

నెల తర్వాత తెచ్చాడు. చూద్దును కదా, పన్నెండు నాటకాలకీ గోధుమరంగు రెక్సిను అతికించి, వీపు మీద బంగారు అక్షరాలతో "భూమి తగాదాల తీర్పులు, ఒకటో సంపుటి", "రెండో సంపుటి" అని పన్నెండు దాకా రాసేశాడు.

"ఏం పనిరా ఇది పాండూ!"

"ఏంది మేడమ్, గింత మంచిగ చేసినం! కెమెరాల అచ్చం అసలు లెక్కనే కొట్టింది."

"ఊడదీ."

"ఊడదు మేడమ్. గుంజితే అట్ట గూడ వస్తది. గట్టి గమ్ము ఏసిన."

నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఎవర్ని తిట్టను? ఇచ్చింది నేనే కదా. నెమ్మదిగా ఏదైనా చేద్దామని వాటిని తలుపు పక్కన లా పుస్తకాల అరలో పెట్టి, భోజనానికి వెళ్ళాను.

యాదగిరి కేసు

యాదగిరి మా సెక్రటరీ గారి డ్రైవరు. సెక్రటరీ గారు ఒకప్పుడు సినిమాలు తీసినాయన, ఏళ్ళ తరబడి క్లబ్బుకి ఆయనే సెక్రటరీ. ఆయన పైన పేకాటలో కూర్చుంటే యాదగిరి కింద పార్కింగులో కూర్చునేవాడు. రోజుకి ఐదు గంటలు, ఆరు గంటలు. క్లబ్బు రూలు ప్రకారం డ్రైవర్లు లైబ్రరీలోకి రాకూడదు, పుస్తకం తీసుకోకూడదు. నేను ఆ రూలు చేరిన ఏడాదే పక్కన పడేశాను. వచ్చినవాళ్ళకి నా కార్డు మీద నేనే పుస్తకం రాసుకుని ఇచ్చేదాన్ని. తప్పే. మళ్ళీ ఆ ఉద్యోగమిస్తే మళ్ళీ అదే చేస్తాను.

యాదగిరికి ఊళ్ళో రెండెకరాల మీద అన్నదమ్ముల కేసు నడుస్తోంది. నేను భోజనం చేసి వచ్చేసరికి రెండో సంపుటి లేదు. నా బల్ల మీద చీటీ ఉంది: "మేడమ్, భూమి బుక్కు తీసుకపోయిన. యాదగిరి." నాలుక కరుచుకున్నాను. పాపం, కేసుకి పనికొస్తుందని పట్టుకెళ్ళాడు, వచ్చి ఏమంటాడో అని వారం రోజులు భయపడ్డాను.

వచ్చాడు. "మేడమ్, మూడోది ఇయ్యుండ్రి" అన్నాడు.

"యాదగిరీ, అది లా పుస్తకం కాదయ్యా. నాటకం."

"రెండో పేజీలనే తెలిసింది మేడమ్. గానీ నా కేసు గిదే. క్యూల నాలుగోవాడున్నడు చూడుండ్రి, వాడు నేనే."

నేనేమో చదువుకున్నదాన్ని కదా, ఊరుకోవచ్చా? ఇది ఫలానా రకం నాటకమనీ, మనిషి బతుకుకి అర్థం వెతకడమనీ మొదలుపెట్టాను. చెయ్యి అడ్డంపెట్టాడు. "అర్థం చెప్పకుండ్రి మేడమ్. సమజైంది గనుకనే నవ్వొచ్చింది. కొంచెం ఏడుపు గూడ వచ్చింది." మూడో సంపుటి ఇచ్చి పంపాను.

రెండ్రోజులకే తిరిగొచ్చాడు. "మేడమ్, మూడోది గూడ గదే నాటకం!" పాండు వరసగా అతికించుకుంటూ పోయాడు కదా, మొదటి మూడూ ఒకే నాటకం కాపీలు. నేను తలపట్టుకుంటే యాదగిరి నవ్వుతున్నాడు. "మా కోర్టుల గూడ గంతే మేడమ్. నంబర్ మారుతది, ముచ్చట మారదు."

చీటీలు

ఆ తర్వాత నేనేం చెయ్యలేదు, అన్నీ యాదగిరే చేశాడు. పార్కింగులో డ్రైవర్లని కూర్చోబెట్టి పైకి చదివాడు. అక్కడి నుంచి మేకప్‌వాళ్ళకి, లైట్లవాళ్ళకి పాకింది. "గా భూమి బుక్కులు ఉన్నయా?" అని అడుగుతూ వచ్చేవాళ్ళు. నేను ప్రతి పుస్తకం వెనక అట్ట లోపల తెల్లకాగితం అతికించాను. నచ్చితే ఒక ముక్క రాయమన్నాను, పేరు వద్దన్నాను. జగ్గారావు గారికి ఇచ్చిన మాట అలాగైనా తీరుతుందని.

గుంపు సీన్లలో నిలబడే జూనియర్ ఆర్టిస్టు ఒకామె "గొడుగుల విచారణ" వెనక రాసింది: "ఈ సాక్షిని నేను. ఇరవై ఏళ్ళుగా వెనకే నిలబడ్డాను. నన్నూ ఎవరూ పిలవలేదు." "కుర్చీకి జ్వరం" మేకప్‌వాళ్ళకి ప్రాణం. "మా సెట్లో హీరో గారి కుర్చీకి గొడుగు పడతారు, ఎండలో మేముంటాం" అని ఒకాయన రాశాడు. రూముల కోసం తిరిగే అసిస్టెంట్ డైరెక్టర్లందరి ఓటూ "అద్దె గుమ్మా"నికే. ఒకడు "మాకు ఇదైనా లేదు సార్" అని రాసి కింద బొమ్మ కూడా వేశాడు. అన్నిటికంటే ఎక్కువ చీటీలు మాత్రం "క్యూలో నాలుగోవాడు"కే.

అవన్నీ ఒక నోటుబుక్కులో ఎత్తి రాసుకుని వెంగళరావు నగర్ వెళ్ళాను. ముందు తప్పు ఒప్పుకున్నాను. కింది అరలో పెట్టిన సంగతి, సెట్‌కి పంపిన సంగతి, రెక్సిను సంగతి, అన్నీ చెప్పాను. తిడతారనుకున్నాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని నోటుబుక్కు మొదటి నుంచి చివరిదాకా చదివి, మళ్ళీ మొదటికొచ్చారు.

"క్యూ నచ్చిందా వీళ్ళకి? అది బాలేదని చించెయ్యబోయానమ్మా. మా ఆవిడ బియ్యం డబ్బాలో దాచిపెట్టింది."

"అట్టలు మంచి బైండరు దగ్గరికి పంపిస్తానండీ. జాగ్రత్తగా ఊడదీస్తాడు."

"వద్దు వద్దు" అన్నారు గబగబా. "నా పేరు ఉన్నన్నాళ్ళు ఎవరూ ముట్టుకోలేదు కదా. అలాగే ఉండనివ్వండి." అని పకపకా నవ్వారు. ఆ తర్వాత రెండేళ్ళకి పోయారాయన. పార్కింగు డ్రైవర్లు ఆరుగురు వచ్చారు సాగనంపడానికి. వీళ్ళెవరా అని ఆయన చుట్టాలు చూశారు.

ముప్పై ఏడుసార్లు

నా ఆఖరి ఏడాదిలో సెక్రటరీ గారికి కొత్త ఆలోచన వచ్చింది. లైబ్రరీ తీసేసి ఇంటర్వ్యూలు షూట్ చేసే గది చేద్దామన్నారు. ఇప్పుడు జూబ్లీహిల్స్‌లో ప్రతి రెండో మేడలోనూ అలాంటి గది ఉంది. రెండు సోఫాలు, రెండు మైకులు, వెనక పుస్తకాల గోడ. కమిటీ మీటింగుకి నన్నూ పిలిచారు.

"సుగుణ గారూ, చూడ్డానికి బాగున్న పుస్తకాలు గోడకుంటాయి, మిగతావి ఎవరికైనా ఇచ్చేద్దాం. ఆ బ్రౌన్ సెట్ మాత్రం అదిరిందండీ. సరిగ్గా సోఫా వెనకే రావాలి. ఎవరూ లాగకుండా జిగురేసి బిగించెయ్యమన్నాను కార్పెంటర్ని. సోమవారం వస్తాడు."

"సార్, అవి జనం చదివే పుస్తకాలు. లోకంలో ఉన్నవే ఆ పన్నెండు. జిగురేస్తే ఇంక తెరవలేం."

"భూమి తగాదాలు ఎవరు చదువుతారండీ?"

"లోపల నాటకాలు సార్." తీసి చూపించాను. ఆయన రిజిస్టరు తెప్పించుకుని పేజీలు తిప్పారు. నవ్వారు.

"వీటిని తీసుకుంది ఒక్కరేనండీ. మీరే. ఒకే నాటకం ముప్పై ఏడుసార్లు తీసుకున్నారు!"

"అవును సార్. ప్రతిసారీ కొత్తగా ఉంటుంది."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. పుస్తకాల వెనక చీటీలు ఒక్కొక్కటీ చదివి వినిపించాను. సాక్షి, కుర్చీ, గుమ్మం, క్యూ. కమిటీలో ఒకాయన "ఫోనుతో ఫోటోలు తీసి పెట్టుకోండమ్మా, పోయేదేముంది" అన్నాడు. మీ పెళ్ళి ఫోటో ఇంట్లో ఉంది కదా, మీ ఆవిడ్ని పంపించెయ్యండి మరి, అని నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను.

సెక్రటరీ గారు ముందుకు వంగారు. "ఎవరివి ఈ చీటీలు? పేర్లు చెప్పండి. నిజంగా మెంబర్లు చదువుతున్నారంటే వదిలేద్దాం."

అక్కడుంది ముడి. పేర్లు చెబితే చదివేవాళ్ళున్నారని తేలుతుంది. కానీ మొదటి పేరు యాదగిరి. ఆయన డ్రైవరే. ఆ నిమిషంలో కింద పార్కింగులోనే ఉన్నాడు. డ్రైవరు పుస్తకం చదువుతూ కనబడ్డాడని వేరే మెంబరొకాయన పని మాన్పించడం నేను చూశాను. రంగనాయకులు గారి మాట గుర్తొచ్చింది.

"చెప్పను సార్."

"చెప్పకపోతే లేరనే కదా అర్థం?"

"మీరెలా అనుకుంటే అలా. నేను మాత్రం చెప్పను."

"అయితే సోమవారం బిగిస్తారు" అన్నారు. మీటింగు ముగిసింది. మెట్లు దిగుతుంటే నాకు కోపం ఆగలేదు. ఓడిపోయానని కాదు. అన్నేళ్ళకి జనం చేతుల్లోకి చేరిన పుస్తకాలు నేను బతికుండగానే నోరు మూసేసుకుంటాయని.

శనివారం

శనివారం పొద్దున పాండుకి ఫోన్ చేశాను. విషయం చెప్పాను.

"మేడమ్, గోడకు కావాల్సింది అట్టలే గద?"

"అంతే."

"మరి పుస్తకాలెందుకు ఖరాబ్ చేసుడు? నేనొస్తున్న ఆగుండ్రి."

మధ్యాహ్నానికి థర్మాకోల్ దిమ్మలతో దిగాడు. టేపు నేనే పట్టాను. కొలిచి, కోసి, అదే గోధుమరంగు రెక్సిను చుట్టి, అదే బంగారు రంగుతో ఒకటి నుంచి పన్నెండు దాకా రాశాడు. పక్కపక్కన పెడితే నేనే గుర్తుపట్టలేకపోయాను. సోమవారం కార్పెంటరు వచ్చేసరికి పాండు ముందే నిలబడి, "గివి సెట్ ప్రాపర్టీ అన్నా, నేను బిగిస్త" అని తనే బిగించేశాడు. సెక్రటరీ గారు వచ్చి చూసి "బ్యూటిఫుల్" అన్నారు.

అసలు పన్నెండూ శనివారం సాయంత్రమే మెట్లు దిగి పార్కింగులోకి వెళ్ళాయి. ఒక్కో మనిషికి ఒక్కో పుస్తకం, అన్నీ నా కార్డు మీదే. తిరిగివ్వాల్సిన తేదీ ముద్ర వెయ్యలేదు. నా సర్వీసులో తేదీ లేకుండా పుస్తకం ఇచ్చింది ఆ రోజొక్కటే. ఇప్పటికీ అవి చేతులు మారుతూనే ఉన్నాయి, ఏది ఎవరి దగ్గరుందో ఇంట్లో నా నోటుబుక్కులో రాసుకుంటున్నాను. రెండు నెలల తర్వాత దండ వేసి, శాలువా కప్పి, ఆ గోడ ముందే నిలబెట్టి నన్ను ఫోటో తీశారు. చర్చిలో పాస్టరు గారి ముందు కూడా ఈ సంగతి ఒప్పుకోలేదు నేను. పాపం చేశానని అనిపిస్తే కదా ఒప్పుకోడానికి.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మొన్న ఒక పెద్ద హీరో గారి ఇంటర్వ్యూ చూశాను. ఆ సోఫాలోనే కూర్చున్నాడు. మీకిష్టమైన పుస్తకమేంటి సార్ అని అడిగితే వెనక్కి చెయ్యి చూపించి "అవన్నీ" అన్నాడు. థర్మాకోల్! నవ్వి నవ్వి దగ్గొచ్చింది నాకు. వెంటనే యాదగిరి ఫోను. "చూసిండ్రా మేడమ్?" ఇప్పుడతను ఎవరి దగ్గరా పనిచెయ్యట్లేదు, సొంత కారు నడుపుకుంటున్నాడు. కేసు ఇంకా నడుస్తూనే ఉంది. నీ పేరు రాయనా అని అడిగాను. "రాయుండ్రి. నాకేం ఫికర్?" అన్నాడు. పాండునీ అడిగాను. "పని నాదని మంచిగ రాయుండ్రి మేడమ్" అన్నాడు. వాళ్ళు సరేనన్నారు కాబట్టి రాశాను. మిగతా పాఠకుల పేర్లు ఇప్పటికీ చెప్పను.

పిల్లలూ, మీకు నేను చెప్పగలిగింది ఇంతే. మీ లైబ్రరీలో ఎవరికి ఏది నచ్చుతుందో మీరు ముందే తేల్చెయ్యకండి. నేను తేల్చి, ఒక పెద్దాయన్ని ఏళ్ళ తరబడి ఫోను దగ్గర కూర్చోబెట్టాను. రూలుకీ పాఠకుడికీ తగాదా వస్తే పాఠకుడి పక్కన నిలబడండి. ఉద్యోగం పోతుందేమో. పోతే పోనివ్వండి.

సెక్రటరీ గారూ, ఇది మీదాకా వస్తుందని నాకు తెలుసు. గోడ దగ్గరికి వెళ్ళి ఆ గోధుమరంగు సంపుటాల్ని వేలితో ఒకసారి తట్టి చూడండి. కేసు పెడతారా, పెట్టండి. వాయిదాలకి యాదగిరి కారులోనే వస్తాను. అలా కాక చదవాలనిపిస్తే ఫోన్ చెయ్యండి, మీ పేరూ రాసుకుంటాను, మెంబరా కాదా అని నేనడగను. "క్యూలో నాలుగోవాడు" ముందు చదవండి, ఎక్కువమందికి నచ్చింది అదే. మూడు కాపీలూ ప్రస్తుతం బయటే ఉన్నాయి. మీ ముందు ముగ్గురున్నారు.